ప్రాణ మొడ్డినవాడును, పైక మొడ్డినవాడును

లాభమున్నచోట నష్టభయము తప్పదు. ఇది వర్తకులకు కొత్తగా చెప్పవలసిన మాట కాదు. సరుకు కొన్నవాడు ధర పడిపోవునేమో యని భయపడును. అప్పిచ్చినవాడు అసలైనను చేతికి రాదేమో యని భయపడును. అయితే వర్తకమునందు పూర్వమునుండి ఒక మర్యాద కలదు. లాభములో పాలు కోరువాడు నష్టములోను పాలు పంచుకొనవలెను. లాభము నాది, నష్టము నీది యను భాగస్వామిని ఏ బజారునందును పెద్దమనిషి యనరు.

పైకము విషయమున ఇంత తేటగా కనబడు ఈ న్యాయము ప్రాణము విషయమున మరుగున పడిపోవుచున్నది. ఒకడు ప్రాణము నొడ్డును. వేరొకడు పైకము నొడ్డును. మూడవవాడు గట్టున నిలిచి చప్పట్లు కొట్టును. మొదటివాడు కూలినప్పుడు "వాడు కోరి చేసిన పనియే గదా" యని మిగిలిన ఇద్దరును ఇంటికి పోవుదురు. ఆ మాటలో నిజమెంత, తప్పించుకొను తెలివి ఎంత? ఇది విచారింపదగిన ప్రశ్న.

ఇట్టి ప్రశ్నను గాలిలో చర్చించుటకన్న ఒక మనుష్యుని బ్రతుకును ముందు పెట్టుకొని విచారించుట మేలు. ఐర్లండు దేశములో 2025వ సంవత్సరమున, 24 ఏండ్ల వయస్సుననే కన్ను మూసిన మైకేల్ ఓసల్లివన్ అను రౌతు చరిత్ర ఇందుకు తగియున్నది. తిరుత్తంగల్ వీథులలో అగ్గిపెట్టెలకును టపాకాయలకును బేరమాడు వర్తకునికి ఐర్లండు గుఱ్ఱముతో పనియేమి యని కొందరికి తోచవచ్చును. పని యున్నదని ముందు ముందు తెలియును.

గుఱ్ఱపు పందెములు రెండు విధములు. చదునైన నేలపై పరుగెత్తించునది మొదటిది. మదరాసు గిండీలోను, హైదరాబాదు మలక్‌పేటలోను జనము చూచినది ఇదియే. రెండవది దూకుడు పందెము. దీనిని స్టీపుల్ ఛేజ్ అందురు. స్టీపుల్ అనగా క్రైస్తవుల దేవాలయ గోపురము. 1752లో ఐర్లండునందు కార్క్ మండలములో ఇద్దరు ఆసాములు పంతము వేసికొని, బట్టెవంట్ గ్రామపు చర్చి గోపురము మొదలు డోనెరైల్ గ్రామపు చర్చి గోపురము వరకు, నడుమ నున్న గోడలను, వాగులను, కంచెలను దాటుచు గుఱ్ఱములను పరుగెత్తించిరి. పందెమునకు ఆ పేరు అట్లు వచ్చినది. నేడు అదే ఆటను మైదానములో కట్టిన అడ్డులపై ఆడుచున్నారు. చిన్న అడ్డులు మూడున్నర అడుగుల ఎత్తువి. పెద్ద కంచెలు నాలుగున్నర అడుగులకు తక్కువ కానివి. రెండు మైళ్లు మొదలు నాలుగు మైళ్లకు పైబడి దూరముండును. ఐదువందల కిలోల బరువుగల జంతువు గంటకు ముప్పది మైళ్ల వేగముతో వచ్చి కంచెపై ఎగురును. దానిపై నున్న మనుష్యుని నమ్మకమంతయు ఒక జత రికాబులును, తన మోకాళ్ల పట్టును మాత్రమే.

ఈ ఆటలో పడిపోవుట వింత కాదు. సుమారు పదిహేను, ఇరవై పరుగులకు ఒకమారు రౌతు నేలపై పడుటయే లెక్క. అందువలన పందెము జరుగుచుండగనే గుఱ్ఱముల వెనుక వైద్యుల బండి కూడ పరుగెత్తుచుండును. పనివాని వెంట ప్రతి దినమును ఆసుపత్రి బండి నడువవలసిన వృత్తులు లోకములో ఎన్ని గలవో పాఠకులు ఆలోచింపగలరు.

మైకేల్ ఓసల్లివన్ పుట్టి పెరిగిన లంబర్డ్స్‌టౌన్ అను పల్లె ఆ కార్క్ మండలములోనిదే. బట్టెవంట్ అచ్చటికి దగ్గర. వారిది గుఱ్ఱముల కుటుంబము. తండ్రి విలియం 1991లో ఇంగ్లండునందలి చెల్టెన్‌హామ్ మైదానమున లవ్లీ సిటిజన్ అను గుఱ్ఱముపై ఫాక్స్‌హంటర్స్ పందెము గెలిచినవాడు. ఆ గుఱ్ఱమును తరిఫీదు చేసినవాడు పినతండ్రి వరుసవాడైన యూజీన్. అతని కుమార్తె మాక్సీన్ 2020లో అదే పందెము గెలిచినది. మన కుటుంబములలో పిల్లవాడు చిట్టాపద్దు నడుమ పెరిగినట్లు, ఆ కుటుంబములో పిల్లలు జీను నడుమ పెరుగుదురు. అయినను ఇతడు చదువు మానినవాడు కాడు. డబ్లిను విశ్వవిద్యాలయ కళాశాలలో వ్యవసాయ శాస్త్రము చదివి పట్టము పొందెను. వేరు దారి లేక గుఱ్ఱమెక్కినవాడు కాడని దీనివలన తెలియుచున్నది.

2022లో అతడు ఔత్సాహిక స్థితి విడిచి వృత్తి రౌతుగా చేరెను. 2023 మార్చి 14న చెల్టెన్‌హామ్ ఉత్సవపు మొదటి పందెమైన సుప్రీం నోవిసెస్ హర్డిల్‌ను, బారీ కానెల్ తరిఫీదు చేసిన మెరీన్ నాషనల్ అను గుఱ్ఱముపై గెలిచెను. ఆ దినముననే జాజీ మాటీ అను మరియొక గుఱ్ఱముపై రెండవ గెలుపును పొందెను. పేరుమోసిన రౌతులకును ఏండ్ల తరబడి దొరకని యశస్సు 22, 23 ఏండ్ల వయస్సులో ఒక్క దినమున చేతికి వచ్చినది. ఆ యేడు ఐర్లండు కుర్ర రౌతులలో అతనిదే ప్రథమ స్థానము.

2025 ఫిబ్రవరి 6న టిప్పరరీ మండలములోని థర్లెస్ మైదానమున ఒక పందెములో చివరి కంచెయొద్ద అతని గుఱ్ఱము పడెను. అతనిని ఆకాశ మార్గమున కార్క్ ఆసుపత్రికి చేర్చిరి. మిగిలిన పందెములను ఆ దినమున నిలిపివేసిరి. పది దినములు తెలివి లేకయే యుండి, ఫిబ్రవరి 16న అతడు మరణించెను. ఆ దుఃఖములోనే కుటుంబమువారు అతని అవయవములను దానమిచ్చిరి. వృత్తి రౌతుగా అతని ఆయుర్దాయము పూర్తిగా రెండున్నర సంవత్సరములైనను కాదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. తన ప్రాణమును తానే ప్రమాదమున పెట్టినవాడు హింస చేసినవాడు కాడా? అహింసను పరమధర్మమని నమ్మినవారికి ఈ శంక సహజము. కాని తొందరపడి తీర్పు చెప్పరాదు. తత్త్వార్థసూత్రమున ఉమాస్వాతి ఆచార్యులు హింసకు లక్షణము చెప్పునప్పుడు ప్రాణము పోవుటను మాత్రమే చూడలేదు. ప్రమాదమును, అనగా ఏమరుపాటును, రాగద్వేషముల మత్తును మూలముగా చూచిరి. ఆ కొలతతో చూచినచో, ఏండ్లకొలది అభ్యసించి, ప్రతి కంచెకును అడుగులు లెక్కించి, గుఱ్ఱపు ఊపిరిని తన ఊపిరివలె వినుచు పోవు రౌతును ఏమరుపాటుగలవాడని యెట్లనగలము? "రౌతు కొద్ది గుఱ్ఱము" అను సామెత ఊరక పుట్టలేదు. కోవిల్‌పట్టి ప్రాంతమున ప్రతి ఉదయమును తాటిచెట్టు ఎక్కువాడును, నూతిలో దిగి రాయి కొట్టువాడును ప్రాణమును చేతపట్టుకొనియే పని చేయుచున్నారు. వారిని ఆత్మహింసకు పాల్పడినవారని ఎవరును అనరు. మెలకువతో చేసిన సాహసము వేరు, మైకముతో చేసిన సాహసము వేరు. చనిపోయిన ఆ యువకుని తప్పుపట్టుటకు ఇందు తావు లేదు.

అయితే "కోరి చేసిన పని" అను మాటను ఇంకొకమారు తూచి చూడవలెను. కోరిక యన్నది అన్నిచోట్ల ఒకే బరువుగలది కాదు. గల్ఫు దేశములలో ఒంటెల పందెములందు ఐదారేండ్ల పసిపిల్లలను ఒంటెలకు కట్టి పరుగెత్తించిన కాలము మొన్నటిదాక నుండెను. పాకిస్తాను, బంగ్లాదేశ్, సూడాన్ మొదలగు దేశముల బీద పిల్లలు వారు. 2005లో అరబ్ ఎమిరేట్సులోను, ఖతరులోను దానిని నిషేధించి, పిల్లలకు బదులు చిన్న యంత్రములను ఒంటెలపై కూర్చుండబెట్టిరి. ఆ పిల్లలకు కోరిక యన్నదే లేదు. వారి తరపున వేరొకరు కోరిరి. ఇది మొదటి మెట్టు.

రెండవ మెట్టు అవసరము కొలది కోరుట. తిరుత్తంగల్, శివకాశి ప్రాంతమున టపాకాయల మందు నింపు పనివాడు ఆ గదిలోనికి తన కాళ్లతోనే నడిచి పోవును. ఎవరును కట్టి లాగరు. కాని వాన చాలని నేల, పండని చేను, ఇంటిలో పెండ్లికెదిగిన బిడ్డ అతనిని వెనుకనుండి త్రోయుచుందురు. కోరిక అతనిదే, తోపు మాత్రము కరవుది. మూడవ మెట్టు ఇష్టము కొలది కోరుట. చదువుండి, పొలముండి, వేరు దారులుండి కూడ గుఱ్ఱమునే కోరిన ఓసల్లివన్ ఈ మెట్టున నిలిచినవాడు. ముగ్గురిని ఒకే త్రాసులో వేసి "కోరి చేసిరి" యనుట న్యాయము కాదు. మూడవవాని విషయములో నిజమైన మాట రెండవవాని విషయములో సగము నిజము, మొదటివాని విషయములో శుద్ధ అబద్ధము.

ఇక నాలుగవ ప్రాణి యొకటి కలదు. అది గుఱ్ఱము. దానిని ఎవరును అడుగలేదు. పరుగెత్తుట దానికి స్వభావమే కావచ్చును. గుంపులో నుండుట సంతోషమే కావచ్చును. కాని కాలు విరిగినప్పుడు తెర చాటున దాని బాధను ముగించుటయే ఆ మైదానముల వాడుక. శ్రావకుల అహింసాణువ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములను ఇచ్చట తలచుకొనవలెను. బంధించుట, కొట్టుట, అంగములను కోయుట, మోయరాని బరువు వేయుట, అన్నపానములను ఆపుట. వీనిలో కొరడా కలదు, బరువు కలదు. బ్రిటనులో 2023నుండి దూకుడు పందెమున కొరడా దెబ్బ ఏడింటికి మించరాదని నియమము చేసిరి. ఏడుకు తగ్గించినందుకు సంతోషింపవచ్చును. ఏడైనను ఎందుకని అడుగవచ్చును. ఐదవ అతిచారము మరీ చిత్రమైనది. అది గుఱ్ఱముకన్న రౌతునకే ఎక్కువ తగిలినది. తూకము తగ్గుటకై ఆకలితో నుండి, ఆవిరి గదిలో కూర్చుండి, ఒంటిలోని నీటిని చెమటగా పోగొట్టుకొనుట ఆ వృత్తిలో బహుకాలపు అలవాటు. బ్రిటనులో పందెపు మైదానములందలి ఆవిరి గదులను 2021లో శాశ్వతముగా మూసివేసిరి.

ఈ విషయమున దూరదేశములను మాత్రమే వేలెత్తి చూపుట తగదు. ఆంధ్రదేశమున ఒంగోలు గిత్తలచేత బండలు లాగించు పోటీలు కలవు. సంక్రాంతికి కాలికి కత్తి కట్టిన కోళ్లు కలవు. పాండ్యదేశపు ఊళ్లలో రేక్లా బండ్ల పందెములు కలవు. జల్లికట్టును సుప్రీంకోర్టు 2014లో నిషేధించినది. 2017లో తమిళనాడు ప్రభుత్వము వేరు శాసనము చేసినది. 2023 మే 18న అదే కోర్టు ఆ శాసనము చెల్లునని తీర్పు చెప్పినది. చట్టము ఇటు నుండి అటు తిరుగవచ్చును. ఎద్దు వెన్ను మీది నొప్పి అటు ఇటు తిరుగదు.

ఇప్పుడు పైక మొడ్డినవాని సంగతి. ఒక చిన్న నియమములో ఈ వ్యవహారమంతయు ఇమిడియున్నది. గుఱ్ఱపు పందెములో స్వారి చేయు రౌతు పందెము కాయరాదు. మోసము జరుగకుండుటకై చేసిన నియమమిది, మంచి నియమమే. కాని దాని ఫలిత మేమనగా, ప్రాణము నొడ్డువాడు రూపాయి ఒడ్డరాదు. రూపాయి ఒడ్డువాడు ప్రాణము ఒడ్డనక్కరలేదు. గెలిచిన పారితోషికములో పెద్ద పాలు గుఱ్ఱపు యజమానికి పోవును. రౌతునకు స్వారి కూలియు, గెలుపులో కొంత వాటాయు దక్కును. గుఱ్ఱమునకు గడ్డి దక్కును.

గుఱ్ఱపు పందెము జూదమా కాదా యన్న ప్రశ్న తమిళనాడులో చాలకాలము నలిగినది. 1974లో పందెము కాయుటను మాన్పుటకు శాసనము చేసిరి. 1996 జనవరిలో సుప్రీంకోర్టు, ఇది ప్రధానముగా నేర్పునకు సంబంధించిన ఆట, కేవల అదృష్టము కాదు గనుక జూదము క్రిందికి రాదని నిర్ణయించెను. చట్టప్రకారము అది సరియే కావచ్చును. కాని ధర్మము అడుగు ప్రశ్న వేరు. నేర్పు ఎవనిది? గుఱ్ఱముది, రౌతుది. లాభము ఎవనిది? చీటీ కొన్నవానిది. వాని నేర్పు గెలుచు గుఱ్ఱమును ఊహించుటలోనే గలదు.

అదే 1996వ సంవత్సరము డిసెంబరులో అదే కోర్టు మరియొక తీర్పు చెప్పెను. అది శివకాశి అగ్గిపెట్టెల, టపాకాయల పనిలోనున్న పిల్లలను గూర్చినది. పిల్లలను ప్రమాదకరమైన పనిలో పెట్టుకొన్న యజమాని ఒక్కొక్క బిడ్డకు 20,000 రూపాయల చొప్పున వారి క్షేమనిధికి కట్టవలెనని ఆజ్ఞాపించెను. ఈ తీర్పులో వర్తకులకు బాగుగా తెలిసిన ఆ పాత మర్యాదయే వినవచ్చుచున్నది. లాభము తిన్నవాడు నష్టములో పాలు మోయవలెను.

ఇందుకు ఎదురు వాదము లేకపోలేదు. దానిని న్యాయముగా వినవలెను. చూచువాడు లేనిచో ఆట లేదు, కొనువాడు లేనిచో వృత్తి లేదు. గుఱ్ఱపు పందెములవలన ఐర్లండు పల్లెలలో ఎందరో జీవించుచున్నారు. 1922లో కలకత్తా పోయి అగ్గిపుల్లల పని నేర్చుకొని వచ్చిన అయ్య నాడారు, షణ్ముగ నాడారు అను ఇద్దరి సాహసమువలన, వాన లేని ఈ నల్లరేగడి సీమలో వేలకొలది ఇండ్లలో పొయ్యి వెలుగుచున్నది. ప్రమాదమున్నదని కొనుట మానినచో ముందుగా ఆరునది ఆ పొయ్యియే. దూరమున కూర్చుండి దయ చూపుట సులభము. ఆ దయకు మూల్యము మరల బీదవాడే చెల్లించును.

ఈ వాదము బలమైనది. కాని ఇది కొనుటను సమర్థించును గాని, కన్ను మూసుకొని కొనుటను సమర్థింపదు. దూకుడు పందెముల చరిత్రలోనే దీనికి సమాధానము దొరకును. 1963 డిసెంబరులో టిమ్ బ్రూక్‌షా, 1964 గ్రాండ్ నేషనల్ పందెములో పాడీ ఫారెల్ అను ఇద్దరు రౌతులు పడి, నడుము విరిగి, కాళ్లు చచ్చుబడిరి. అప్పుడు ఆ ఆటను ప్రేమించినవారే పూనుకొని 1964లో గాయపడిన రౌతులకు ఒక నిధిని నెలకొల్పిరి. అది నేటికిని నడచుచున్నది. 2024లో గ్రాండ్ నేషనల్ నిర్వాహకులు గుఱ్ఱముల సంఖ్యను 40 నుండి 34కు తగ్గించి, మొదటి కంచెను ప్రారంభస్థానమునకు దగ్గరగా జరిపి, మరియొక కంచె ఎత్తు కొంత దించిరి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ 1997లోను, దక్షిణ ఆస్ట్రేలియా 2022లోను ఈ పందెములను పూర్తిగా మాన్పినవి. మార్గములు వేరైనను వీరందరును ఒప్పుకొన్న దొకటే. గట్టున నిలిచినవానికిని బాధ్యత కలదు.

ఈ సత్యమును జైనశాస్త్రము ఏనాడో తేటపరచినది. కృతము, కారితము, అనుమోదితము అని కర్మకు మూడు ద్వారములు. తాను చేయుట, ఒకనిచేత చేయించుట, ఒకడు చేయగా చూచి మెచ్చుట. మూడవ దానిని చిన్నదని ఎంచరాదు. నేమినాథ తీర్థంకరుల కథ సమాజములో ఎరుగని బిడ్డ లేదు. పెండ్లికుమారుడై రథమెక్కి పోవుచుండగా, విందుకై కట్టిన జంతువుల ఆక్రందన ఆయన చెవిన బడెను. ఆ జంతువులను ఆయన చంపలేదు, చంపుమని చెప్పలేదు. అయినను తన పెండ్లి పేరిట జరుగుచున్నది గనుక ఆ లెక్క తనదే యని తలచి రథమును వెనుకకు మరల్చెను. "వండువారి పని అది, నా పని పెండ్లి" యని ఆయన ముందుకు సాగియుండినచో లోకములో ఎవరును తప్పుపట్టియుండెడివారు కారు. కోవిల్‌పట్టికి సమీపమున కళుగుమలై కొండపై, వెయ్యేండ్లకు పూర్వము పాండ్యుల కాలమున మలచిన తీర్థంకరుల వరుసలలో నేమినాథుల యక్షిణియైన అంబికా దేవి మూర్తి నేటికిని నిలిచియున్నది. ఆ కొండనుండి తిరుత్తంగల్ మందు గదులు ఎంతో దూరములో లేవు.

ఆ గదులకు వత్తము. మందు నింపు గదిలో రాపిడి కొంచెము ఎక్కువైనను, ఎండ వేడిమి మించినను, రసాయనముల పాళ్లు తప్పినను క్షణములో నిప్పు పుట్టును. అందువలననే ఒక్కొక్క గదిలో ఎందరుండవలెను, ఎంత మందుండవలెను అని నియమములు చేసిరి. దీపావళి దగ్గరపడి గిరాకి పెరిగినప్పుడు ఆ నియమములు సడలును. గదులను లోపాయికారిగా ఇతరులకు గుత్తకిచ్చుట, ఉండవలసినవారికి మించి కూర్చుండబెట్టుట అప్పుడే జరుగును. 2012 సెప్టెంబరు 5న శివకాశి సమీపమున ముదలిపట్టిలో జరిగిన అగ్నిప్రమాదమున 40 మంది వరకు మరణించిరి. వారిలో మంట చూచి సహాయమునకు పరుగెత్తి వచ్చిన ఊరివారును కలరు. చూడవచ్చినవాడు గట్టుననే నిలువక ప్రాణమును పంచుకొన్న సందర్భమది.

బేరము చేయునప్పుడు పెట్టెకు ఇంత తగ్గింపుమని వర్తకుడు పట్టుబట్టును. అది వర్తక ధర్మమే. కాని ఆ తగ్గిన పైకము ఎక్కడనుండి వచ్చినదని అడిగినవారు అరుదు. యజమాని లాభమునుండి వచ్చినచో చింత లేదు. గదికి వేయవలసిన కప్పునుండి, పనివాని కియ్యవలసిన విశ్రాంతినుండి, పనివాని పేరిట కట్టవలసిన బీమానుండి వచ్చినచో, ఆ తగ్గింపు రౌతు ఒంటినుండి తీసిన చెమటవంటిది. త్రాసులో అది కనబడదు, ప్రమాదము నాడు కనబడును. మహావీర స్వామి నిర్వాణమొందిన దినమే దీపావళి. శ్రావకులకు అది దీపము పెట్టుకొను పండుగ. ఆ దీపము వెలుగులో ఈ పద్దును ఒకమారు చదువుకొనుట పండుగకు తగిన పనియే.

శ్రావకుని గుణవ్రతములలో అనర్థదండ విరమణము ఒకటి. ప్రయోజనము లేని హింసను మానుట దాని యర్థము. గృహస్థుడు హింసను పూర్తిగా మానజాలడని శాస్త్రకారులకు తెలియును. అందుచేత ముందు నిష్ప్రయోజనమైనదానిని మానుమనిరి. ఈ వ్రతమును పట్టుకొని ఏ పందెము, ఏ వేడుక, ఏ బేరము ఎదురైనను మూడు ప్రశ్నలు వేసికొనవచ్చును. ఇందులో ప్రాణము ఒడ్డుచున్న దెవరు? వారు దానిని ఇష్టము కొలది ఒడ్డుచున్నారా, అవసరము కొలదియా, అసలు అడుగకయేనా? వారు పడినచో మోయుటకు లాభము పొందినవాడు ఏమి సిద్ధపరచినాడు? మూడింటికి తృప్తికరమైన జవాబు దొరికినచో ఆ పనిని చూచి మెచ్చుటలో దోషము తక్కువ. మూడవదానికి జవాబు లేనిచోట చప్పట్లు కొట్టకుండుటయే మంచిది. కొనుగోలు తప్పనిసరియైనచో, ఆ జవాబును సరుకుతోపాటు బేరములో చేర్చవలెను. పనివానికి బీమా కలదా యని అడుగుట ధర ఎంత యని అడుగుటకన్న కష్టమైన పని కాదు. పదిమంది వర్తకులు అడిగినచో పదకొండవనాటికి అది వాడుకగును.

2025 మార్చిలో చెల్టెన్‌హామ్ ఉత్సవము మరల జరిగెను. మొదటి పందెమునకు ఆ యేడు మైకేల్ ఓసల్లివన్ పేరు పెట్టిరి. మరునాడు మెరీన్ నాషనల్ గుఱ్ఱము, షాన్ ఫ్లానగన్ అను వేరొక రౌతును మోసికొని, క్వీన్ మదర్ ఛాంపియన్ ఛేజ్ అను గొప్ప పందెము గెలిచినది. అచ్చటివారు కన్నీరు పెట్టుకొనిరి, చప్పట్లును కొట్టిరి. రెండును కపటము లేనివే. పోయినవానికి పేరు పెట్టి గౌరవించుట మంచి పని. ఇంక ఉన్నవాడు పడకుండ చూచుట, పడినచో మోయుట అంతకన్న మంచి పని. ఆ కుటుంబము తమ బిడ్డ అవయవములతో ముక్కు మొగము ఎరుగని వారికి ప్రాణము పోసి, ఏమియు బాకీ లేని తమవంతు చెల్లించినది. బాకీ యున్నవారు గట్టున నున్నారు. వారు తమ పద్దును తామే తీసి చూచుకొనవలెను.